లేచిపోయిన రేకులు ఎవరిచేత వేయించాలి?

ప్రశ్న: అన్నయ్య గారికి నమస్కారం. మాది సఖినేటిపల్లి మండలంలో ఒక లంక గ్రామం. మా ఆయన మస్కట్‌లో పనిచేస్తారు. ఇంట్లో నేను, మా అత్తయ్య గారు, ఇద్దరు పిల్లలు ఉంటాం. ముందు భాగం మామయ్య గారు కట్టించిన పాత పెంకుటిల్లు. వెనకాల 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పున రెండు గదులు, వంటిల్లు ఆరేళ్ల కిందట రేకులతో వేయించుకున్నాం. మొంథా తుఫాను రాత్రి వెనక రేకులు సగం పైన లేచిపోయి పక్కవాళ్ల కొబ్బరితోటలో పడ్డాయి. ముందు వైపు కొప్పు పెంకులు కూడా కొన్ని పోయాయి. మూడో రోజే వేరే జిల్లా నుంచి ఒక కాంట్రాక్టరు వ్యాను వేసుకుని వచ్చాడు. మొత్తం 1,80,000 అవుతుందని, ముందు 1,20,000 చేతిలో పెడితే ఎల్లుండికల్లా కొత్త రేకులు వేసేస్తానని, రేపటికి రేటు పెరుగుతుందని అంటున్నాడు. ప్రభుత్వ సాయం కూడా తనే ఇప్పిస్తాడట, ఖర్చులో సగం అక్కడే వచ్చేస్తుందట. పాత రేకులు తనే పట్టుకుపోతానంటున్నాడు. ఆ రేకుల గదులు కట్టిన మా ఊరి మేస్త్రి గారేమో చేతిలో పనులున్నాయి, పదిహేను రోజులు ఆగమంటున్నారు. మా మరిది "ఆగితే ఇల్లంతా నానిపోద్ది వదినా, ఇచ్చేద్దాం" అంటున్నాడు. ఎవర్ని నమ్మాలో తెలియక రాస్తున్నాను.

జవాబు: అమ్మా, ఇవాళ ఎవరికీ లక్షా ఇరవై వేలు ఇవ్వకండి. ఇవాళ చేయాల్సిన పని బరకం (టార్పాలిన్) కట్టించడం.

మీ మరిది గారి కంగారు అర్థం లేనిది కాదు. గోడలు నానితే మళ్లీ ఆరడానికి నెలలు పడుతుంది. పైగా మన తీరానికి నవంబరు గండాల నెల. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. మన కోనసీమను తుడిచిపెట్టిన తుఫాను 1996 నవంబరు 6న వచ్చింది. ఈ 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర ఒడ్డెక్కి వెళ్లిపోయింది కదా అని నిశ్చింతగా కూర్చోవడానికి లేదు. కాకపోతే వాన ఆపడానికి కొత్త కప్పే అక్కర్లేదు. గట్టి బరకం ఉంటే పదిహేను, ఇరవై రోజులు ఆపుతుంది. ఆ వ్యాను మనిషి మీ తొందరని చూసి మాట్లాడుతున్నాడు. ఇంట్లో నీళ్లు పడటం ఆగిందంటే మీకు ఆ తొందర ఉండదు, నిదానంగా ఆలోచించుకోవచ్చు.

బరకం కట్టేముందు రెండు పనులు. మొదటిది, కరెంటు మెయిన్ ఆపేయండి. సర్వీసు వైరు రేకుకి గాని, రేకుల్ని మోసే ఇనప పైపుకి గాని తగులుతోందేమో కింద నుంచే చూసుకోండి. అనుమానంగా ఉంటే లైన్‌మన్ వచ్చి చూసేదాకా ఎవరినీ పైకి ఎక్కనివ్వకండి. తుఫాను రోజు బయటపడ్డవాళ్లు ఆ తర్వాత కప్పు సర్దబోయి కరెంటుకి, జారిపడటానికి బలైపోవడం ఈ పనిలో ఇన్నేళ్లుగా చూస్తున్నాను. రెండోది, ఫోటోలు. ఇల్లు నాలుగు వైపుల నుంచి, లోపల నుంచి ఆకాశం కనిపించే చోటు, తోటలో పడ్డ రేకులు, తడిసిన సామాను, అన్నీ తీసి పెట్టుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

ధాన్యం ఆరబెట్టడానికి వాడే మందపాటి బరకం అయితే బాగుంటుంది. దాన్ని కొప్పు మీదుగా అవతలి వాలు మీదికి కూడా కనీసం నాలుగడుగులు దింపాలి. రేకులు లేచిన వైపు మాత్రమే కప్పితే కొప్పు దగ్గర గాలి దూరి మొత్తం లాక్కుపోతుంది. సిమెంటు సంచుల్లో సగానికి ఇసుక నింపి, రెండేసి సంచులు ఒక తాడుకి కట్టి, కావిడిలాగా కొప్పుకి ఇటొకటి అటొకటి వేలాడదీయండి. అంచుల్ని నైలాను తాళ్లతో కిటికీ ఊచలకో స్తంభాలకో కట్టించండి. రాళ్లు, ఇటుకలు మాత్రం పైన పెట్టించకండి, గాలొస్తే అవే కిందున్నవాళ్ల నెత్తిన పడతాయి. ఇది మీ మరిది గారు, ఇంకో ఇద్దరు కలిస్తే ఒక పూట పని.

ఇక అసలు విషయానికి వద్దాం. ఎవర్ని నమ్మాలి అని అడిగారు. వ్యాను మనిషిని వద్దని, ఊరి మేస్త్రి గారిని ఖాయం చేసుకోమని చెప్పేస్తే నాకు తేలిక. కానీ అమ్మా, మీ మేస్త్రి గారు ఆరేళ్ల కిందట వేసిన కప్పే కదా ఇప్పుడు లేచిపోయింది? ఈ మాట మీకు కష్టంగా ఉండొచ్చు. అయినా దాన్ని పక్కన పెట్టి మాట్లాడటం మీకు మేలు చేసినట్టు కాదు.

లెక్క చూడండి. మొంథా ఒడ్డెక్కేటప్పుడు గాలి గంటకు 90 నుంచి 100 కిలోమీటర్లు, విసురుగా వచ్చినప్పుడు 110 దాకా ఉంది. కట్టడాల మీద గాలి బలాన్ని లెక్కగట్టడానికి మన దేశంలో ఐఎస్ 875 అనే ప్రమాణం ఉంది. అందులో విశాఖపట్నానికీ విజయవాడకూ సెకనుకి 50 మీటర్ల గాలిని, అంటే గంటకు 180 కిలోమీటర్లు, తట్టుకునేలా కట్టమని ఉంటుంది. మీ తీరం ఆ రెంటి నడుమనే ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు గాలి అంత వేగంతోనే వీచింది కూడా. గాలి వేగం రెట్టింపైతే అది లాగే బలం నాలుగు రెట్లవుతుంది. ఆ లెక్కన 110 వేగం దగ్గర మీ కప్పు మీద పడ్డ బలం, అది తట్టుకోవాల్సిన దాంట్లో సగం కూడా లేదు, మూడో వంతు మీద కొంచెం ఎక్కువ. ఆరేళ్ల వయసున్న కప్పు ఆ మాత్రానికి లేచిందంటే ఎక్కడో బిగింపులో లోపం ఉంది. ఆ లోపం ఏమిటో తేల్చకుండా ఎవరు కొత్త రేకులు వేసినా, పాత తప్పు మీద కొత్త రంగు వేసినట్టే.

ఆ లోపం తేల్చేవి తోటలో పడ్డ పాత రేకులే. అందుకే వాటిని ఎవరికీ ఇచ్చేయకండి. మనుషుల్ని పెట్టి తెప్పించి పెరట్లో పేర్పించండి. చేతికి తొడుగులో గుడ్డలో చుట్టుకోండి, చిరిగిన రేకు అంచు కత్తిలా కోస్తుంది. ఒక్కో రేకునీ తిరగేసి స్క్రూలున్న చోటు చూడండి. స్క్రూ రేకుతోపాటే ఊడొచ్చి, రేకుకి కన్నం గుండ్రంగా చెక్కుచెదరకుండా ఉందంటే, కింద పైపు దాన్ని పట్టుకోలేకపోయింది. పైపు పలచనిదైనా అయ్యుండాలి, తుప్పు తినేసైనా ఉండాలి. అలా కాకుండా కన్నం పొడుగ్గా చీలి, స్క్రూలు ఇంకా పైపు మీదే వరసగా నిలబడి ఉన్నాయంటే రేకు పలచన, లేదా స్క్రూలు చాలకుండా దూరం దూరంగా కొట్టారు. రేకూ పైపూ కలిసే ఎగిరిపోయి గోడ మీద ఇటుకలు పెళ్లగిలి ఉంటే తప్పు గోడ దగ్గరుంది. పైపు కొసని ఇటుకల మధ్య దూర్చి సిమెంటు పూసి వదిలేశారన్నమాట. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. మొదటిదానికి పైపులు మార్చాలి, రెండోదానికి రేకులూ స్క్రూలూ, మూడోదానికి గోడ మీద కాంక్రీటు బెల్టు పోసి అందులో బోల్టులు దించి వాటికి పైపుల్ని బిగించాలి.

చాలామంది గాలి రేకుని పక్కనుంచి తోసేస్తుందనుకుంటారు. బరకం కప్పిన లారీ హైవే మీద వేగంగా పోతుంటే చూశారా? బరకం లోపలికి నొక్కుకోదు, పైకి ఉబ్బుతుంది. కప్పు మీద నుంచి గాలి జోరుగా పోయేటప్పుడు రేకుని కూడా అలాగే పైకి లాగుతుంది. ఆ లాగుడు చూరు దగ్గర, కొప్పు దగ్గర, రెండు చివరి అంచుల్లో అన్నిటికన్నా ఎక్కువ. మీ రేకుల్లో ముందుగా పోయినవి కూడా అంచువే అయ్యుంటాయి, ఒకసారి చూసుకోండి. ఒక అంచు లేచి గాలి లోపలికి దూరిందంటే మిగతావి వరసగా విప్పుకుంటూ పోతాయి.

ఇప్పుడు మీ దగ్గరికి వచ్చే ప్రతి మనిషినీ ఒకే ప్రశ్న అడగండి: "ఈ రేకులు ఎందుకు లేచాయండీ?" వ్యాను ఆయన్నీ అడగండి, మీ మేస్త్రి గారినీ అడగండి, అమలాపురం నుంచో రాజోలు నుంచో ఇంకొకరిని పిలిపిస్తే వాళ్లనీ అడగండి. "గాలి అలాంటిదమ్మా, ఎవరేం చేస్తాం" అన్నాడంటే అతను మీ కప్పు చూడలేదు, చూసే ఉద్దేశమూ లేదు. పనితనం ఉన్నవాడు ముందు నిచ్చెన అడుగుతాడు. నేను చాలా ఏళ్లు కలిసి పనిచేసిన ఒక వెల్డరు ఉండేవాడు. పైకెక్కితే పది నిమిషాలు నోరు విప్పేవాడు కాదు. పైపు మీద బొటనవేలి గోరుతో గీసి, రాలిన తుప్పుని అరచేతిలో పట్టుకుని కిందికి దిగి ఇంటావిడ చేతిలో పోసేవాడు. "ఇదండీ మీ పైపు" అనేవాడు. తర్వాతే రేటు మాట. మీ మేస్త్రి గారు తన పనిని తనే చూసి "ఇక్కడ నేను పొరపాటు చేశానమ్మా, అంచుల్లో స్క్రూలు చాల్లేదు" అని ఒప్పుకుంటే, ఆ మనిషి కోసం పదిహేను రోజులు కాదు, నెల ఆగినా నష్టం లేదు. ఒప్పుకోకుండా గాలి మీదికి నెట్టేస్తే ఆయన్నీ వదిలేయండి.

ఇంత పట్టుగా చెప్పడానికి కారణం ఉంది. 1996 తుఫానుకి మా ఇంటి కప్పూ పోయింది. నాలుగో రోజు ఒక కాంట్రాక్టరు లారీ నిండా జింకు రేకులతో ఊళ్లోకి దిగాడు. ఊరంతా అతని వెంట పడ్డారు. మా నాన్నగారు కొబ్బరి అమ్మిన డబ్బంతా తెచ్చి ఒక్కసారే ఇచ్చేశారు. ఒకటిన్నర రోజులో కప్పు పడింది, అమ్మ సంతోషానికి అంతు లేదు. తర్వాతి వానాకాలం మొదటి వానకి పదకొండు చోట్ల కారింది. నేను నిచ్చెన వేసుకుని ఎక్కి చూస్తే స్క్రూలూ లేవు, బోల్టులూ లేవు. మామూలు మేకులు, వాషర్లు లేకుండా, మూడు మడతలకి ఒకటి చొప్పున కొట్టి పోయాడు. అతనిది ఏ ఊరో కూడా మాకు తెలియదు, చేతిలో చీటీ ముక్క లేదు. మా అమ్మ రెండు వానాకాలాలు ఆ ఇంట్లో గిన్నెలు పెట్టి నీళ్లు పట్టింది. కప్పుల పని నేర్చుకోవాలని నాకు అప్పుడే బుద్ధి పుట్టింది.

రేటు దగ్గర మోసం ఎలా జరుగుతుందో మీ ఇంటి కొలతలతోనే చెబుతాను. 20 అడుగుల వెడల్పుకి మధ్యలో కొప్పు వస్తే ఒక్కో వాలుకి కింద పది అడుగులు, చూరు అడుగున్నర. వాలుగా కొలిస్తే 13 అడుగుల రేకు కావాలి. చూరు అడుగున్నర మించి బయటికి పెట్టించకండి, నీడకి బాగుంటుంది గాని గాలికి అదే పట్టు. పొడవు 30 అడుగులు, రెండు చివర్లా అడుగు చొప్పున కలిపితే 32. కప్పు మొత్తం 32 ఇంటు 13 ఇంటు 2, అంటే 832 చదరపు అడుగులు. రంగు రేకు వెడల్పు మూడున్నర అడుగులుంటుంది, కానీ పక్క రేకు మీద ఎక్కించాక నికరంగా కప్పేది మీటరు, అంటే మూడు అడుగుల మూడంగుళాలు. కాబట్టి వాలుకి పది, మొత్తం ఇరవై రేకులు. వాటి మొత్తం వైశాల్యం 910 చదరపు అడుగులు. ఇప్పుడు కూలి, పైపులు, రేకులు అన్నీ కలిపి "అడుగుకి ఇంత" అని మాట్లాడినప్పుడు ఏ అడుగు అని అడగాలి. కప్పు అడుగా, రేకు అడుగా? మొదట కప్పు చూపించి మాట్లాడి, చివర్లో రేకుల లెక్కన బిల్లు వేస్తే 78 అడుగుల డబ్బు మీ చేతిలోంచి ఊరికే పోతుంది. టేపు మీరే పట్టుకోండి. అత్తయ్య గారు ఒక కొస పట్టుకుంటారు, ఏం ఇబ్బంది లేదు.

మందం దగ్గర ఇంకా పెద్ద మోసం ఉంది. రంగు రేకులు 0.35 మిల్లీమీటర్ల నుంచి 0.50 దాకా రకరకాల మందాల్లో దొరుకుతాయి. పైన రంగు ఒకటే, కంటికి తేడా తెలియదు. సముద్రం ఇంత దగ్గరున్న మీలాంటి చోట నేనైతే 0.50కి తగ్గనివ్వను. పేరున్న కంపెనీ రేకైతే వెనక వైపు కంపెనీ పేరు, మందం అచ్చు వేసి ఉంటాయి. ఆ అచ్చునీ గుడ్డిగా నమ్మక్కర్లేదు, మన ఊళ్లో కాటాలకి కొదవా? కొబ్బరి వ్యాపారి కాటా మీద ఒక రేకు పెట్టించి చూడండి. మూడున్నర అడుగుల వెడల్పు, 13 అడుగుల పొడవున్న రేకు 0.50 మందంది అయితే సుమారు 17, 18 కేజీలు తూగుతుంది. 0.35ది 12, 13 దగ్గరే ఆగిపోతుంది. వ్యాను ఆయన్ని ఒక రేకు దించి కాటా మీద పెట్టమనండి. పెట్టనంటే మీకు జవాబు దొరికినట్టే.

స్క్రూల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గాని ప్రాణమంతా అక్కడే ఉంది. తనే కన్నం చేసుకుని దిగే సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ, కింద నల్ల రబ్బరు వాషరు ఉండాలి. చూరు వెంట, కొప్పు వెంట, రెండు చివరి అంచుల వెంట, రేకులో పైకి లేచి ఉండే ప్రతి గట్టు మీదా ఒక స్క్రూ పడాలి. మధ్యలో గట్టు విడిచి గట్టుకి పడినా సరిపోతుంది. మిషనుతో మరీ బిగిస్తే రబ్బరు నలిగి పక్కకి ఉబ్బుతుంది, ఏడాదిలో పగిలి కారుతుంది. వదులుగా ఉంటే ఆ రోజు నుంచే కారుతుంది. వాషరు కాస్త నొక్కుకుని అంచు కనపడీ కనపడనట్టు ఉండాలి. పని జరిగే రోజు మధ్యాహ్నం ఒకసారి నిచ్చెన మీద సగం దాకా ఎక్కి చూరు వరస చూడండి, చాలు. రేకు మీద రేకు ఎక్కించేటప్పుడు మడత నోరు గాలి వచ్చే దిక్కుకి ఉండకూడదు. వెల్డింగు చేసిన ప్రతి చోటా అదే రోజు తుప్పు పట్టకుండా రెడాక్సైడు, ఆపైన రంగు పడాలి. ఉప్పుగాలికి వెల్డింగు అతుకు వారం రోజుల్లోనే ఎర్రబడుతుంది.

డబ్బు విషయానికి వస్తే, సామాను డబ్బు కాంట్రాక్టరు చేతికి ఇవ్వనే ఇవ్వకండి. మీరే కొట్టుకి వెళ్లి, మీ పేరు మీద జీఎస్టీ బిల్లుతో కొనండి. బిల్లు లేకపోతే 18 శాతం పన్ను మిగులుతుందని ఆశ పెడతారు. రేకు మీద రంగు లేచిపోయినా, తుప్పు పట్టినా కంపెనీని అడగాలంటే ఆ బిల్లే ఆధారం. కూలి మాత్రం కాంట్రాక్టరుకి ఇవ్వండి, అదీ విడతలుగా. బయానాగా కూలిలో పదో వంతు చాలు. పైపులు నిలబడి బిగింపు మీరు చూసుకున్నాక కొంత, రేకులు ఎక్కాక కొంత. చివరి పదో వంతు మాత్రం ఒక పెద్ద వాన పడేదాకా మీ దగ్గరే ఉంటుందని మొదటి రోజే చెప్పేయండి. తన పని మీద నమ్మకం ఉన్నవాడు దీనికి గొణుగుతాడేమో గాని కాదనడు. ప్రతి పైసా బ్యాంకు ద్వారానో ఫోన్‌పేలోనో పంపండి. మస్కట్ నుంచి మీ ఆయన నేరుగా పంపినా సరే, లెక్క మిగులుతుంది.

ఒక తెల్లకాగితం మీద అన్నీ రాయించండి. స్టాంపు పేపరే కావాలని లేదు. రేకు కంపెనీ, మందం, ఎన్ని రేకులు, పైపు సైజు, పైపు గోడ మందం, గోడకి బిగింపు ఎలా, ఏ తేదీకి మొదలు, ఏ తేదీకి పూర్తి, ఏ దశలో ఎంత డబ్బు, కారితే ఎన్నాళ్ల దాకా వచ్చి బాగుచేస్తాడు, పైన పనిచేసే కుర్రాళ్లకి బెల్టు, తాడు ఎవరు తెస్తారు. కింద ఇద్దరి సంతకాలు, అతని ఆధార్ కాపీ, సొంత ఊరి చిరునామా. పని చెడిపోయి మొండికేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు కూడా ఉండదు. కానీ చేతిలో కాగితం లేకపోతే ఏం పెట్టుకుని వెళ్తాం?

అతను ఇదివరకు వేసిన కప్పులు రెండైనా చూడండి. కొత్తగా మెరుస్తున్నవి కాదు, మూడు నాలుగేళ్లవి, ఈ తుఫాను గాలి తగిలినవి. ఆ ఇంటి ఆడవాళ్లని అడగండి, "కారిందని ఫోను చేస్తే వచ్చాడా?" అని. వేరే జిల్లా నుంచి వచ్చిన మనిషికి ఈ పరీక్ష పెట్టడం కష్టం. బయటివాళ్లంతా మోసగాళ్లని నేను అనను. హుద్‌హుద్ తర్వాత బయటి జిల్లాల నుంచి వచ్చి రాత్రింబవళ్లు నిజాయితీగా పనిచేసిన మనుషుల్ని ఎరుగుదును. వాళ్లలో ఎవరూ మూడింట రెండు వంతుల డబ్బు ముందే అడగలేదు.

ఇక ప్రభుత్వ సాయం. ఇది నాకు చాలా బాధ కలిగించింది, ఎందుకంటే అతను చెప్పింది అబద్ధం. 2022 నుంచి 2026 మార్చి దాకా వర్తించేలా ఇచ్చిన కేంద్ర విపత్తు సహాయ నిబంధనల్లో, కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500 రూపాయలు, కచ్చా ఇంటికి 4,000 అని ఉంది. మైదాన ప్రాంతంలో 1,20,000 ఇచ్చేది పూర్తిగా కూలిపోయిన ఇంటికి. రాష్ట్రం తన వంతు కలిపితే కలపొచ్చు గాని, మీ ఖర్చులో సగం దీని మీద వస్తుందని లెక్క వేసుకోకండి. ఆ డబ్బు మీ బ్యాంకు ఖాతాకే వస్తుంది, మధ్యలో ఎవరూ ఇప్పించేది లేదు. సచివాలయంలో వీఆర్వో గారినీ, ఇంజినీరింగ్ అసిస్టెంటునీ కలిసి మీ ఇల్లు నష్టం జాబితాలో ఎక్కిందో లేదో మీరే చూసుకోండి. ఎక్కకపోతే రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. మొదట తీయించిన ఫోటోలు ఇక్కడ పనికొస్తాయి. ఇంటి మీద బ్యాంకు లోను ఉంటే ఆ కాగితాల్లో ఇంటి బీమా ఉందేమో వెతకండి. 2021 ఏప్రిల్ నుంచి కంపెనీలన్నీ అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో తుఫాను నష్టం కూడా కలిసి ఉంటుంది. ఉంటే ఇవాళే కంపెనీకి తెలపండి, సర్వేయరు చూసేదాకా పాత రేకులు మీ పెరటి గడప దాటనివ్వకండి.

ఆ రేకుల్ని "తనే పట్టుకుపోతాను" అన్నది కూడా ఉపకారం కాదు. ఇనుము కేజీల లెక్కన అమ్ముడుపోతుంది, సగం కప్పు అంటే నూరు కేజీలు దాటుతుంది. అందరూ చూసుకోవడం అయిపోయాక మీరే అమ్ముకోండి, కనీసం బరకం డబ్బులు వస్తాయి.

వంటింటి మీద ఎక్కడైనా పాత సిమెంటు రేకులు ఉంటే వాటి మీద మాత్రం ఎవర్నీ నేరుగా కాలు పెట్టనివ్వకండి. పైకి గట్టిగా కనిపించి ఉన్నట్టుండి విరిగిపోతాయి. పైపుల మీద ఆనేలా చెక్కలు పరిచి వాటి మీదే నడవాలి. విరిగిన ముక్కల్ని పొడిగా చీపురుతో ఊడవద్దు, నీళ్లు చల్లి తడిపి ఎత్తించండి. ఆ దుమ్ములో రాతినార (ఆస్బెస్టాస్) ఉంటుంది, పిల్లల ఊపిరితిత్తులకి మంచిది కాదు.

ముందు పెంకుటింటికి ఈ రేకుల వాళ్లెవరూ వద్దు. అది వేరే చేతి పని. కొప్పు పెంకులు పోయాయంటే కింద వెన్నుదూలం తడిసి ఉంటుంది, చెద ఉందేమో గుచ్చి చూడమనండి. మీ పాత పెంకు వెనక ఫ్యాక్టరీ పేరు అచ్చు ఉంటుంది. ఆ అచ్చువే విప్పేసిన పాత ఇళ్ల దగ్గర దొరుకుతాయి. కొత్త సైజువి కలిపితే గాడి కుదరక అక్కడే కారుతుంది. మామయ్య గారి కాలం నుంచి ఆ కప్పు ఎక్కిన పెంకుల మేస్త్రి గాని, ఆయన కొడుకు గాని ఊళ్లో ఉండే ఉంటారు, అత్తయ్య గారిని అడగండి.

మీ మరిది గారికి ఈ ఉత్తరం చదివి వినిపించండి. ఆయన మీ మంచి కోరే తొందరపడుతున్నారు. బరకం కట్టే పని, కాటా దగ్గర రేకు తూయించే పని ఆయనకే అప్పగించండి. వ్యాను ఆయనతో "మా ఆయనతో మాట్లాడి చెబుతాం, మీ ఊరి చిరునామా, మీరు వేసిన రెండు ఇళ్లు చెప్పండి" అని మర్యాదగా అనమనండి. ఇంకేం అనక్కర్లేదు.

కొత్త కప్పు పడ్డాక మొదటి పెద్ద వాన రాత్రి టార్చి పట్టుకుని గదులన్నీ తిరగండి. గోడ మీద గాని, పైపు మీద గాని తడి మచ్చ కనిపిస్తే దాని చుట్టూ పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ రాసి, ఫోటో తీయండి. పొద్దున్నే మేస్త్రికి ఫోను చేసి చూపించండి. బాగుచేశాక ఇంకో వాన పడనివ్వండి. మచ్చ ఆ గీత దాటి పెరగలేదని చూసుకున్నాక మిగిలిన పదో వంతు పంపించేయండి.